ఇల్లు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు న్యాయ సహాయం: అడ్వాన్స్ ఇవ్వకముందే తెలుసుకోవలసినవి

సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, ముద్ర పడిన దస్తావేజు చేతికి అందగానే ఇల్లు తమ సొంతమైపోయిందని కొనుగోలుదారులు భావిస్తారు. చాలా సందర్భాల్లో అది నిజమే. అయితే అమ్మిన వ్యక్తికి అసలు ఆ ఇంటిపై హక్కే లేనట్లయితే ఆ ముద్ర కొనుగోలుదారును కాపాడలేదు.

ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 7న కె.గోపి కేసులో మరోసారి స్పష్టం చేసింది. అమ్మేవారు మూల దస్తావేజు చూపకపోతే రిజిస్ట్రేషన్‌ను నిరాకరించే అధికారమిచ్చిన తమిళనాడు నిబంధన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. దస్తావేజు రాసి ఇస్తున్న వ్యక్తికి యాజమాన్య హక్కు ఉందో లేదో తేల్చే అధికారం రిజిస్ట్రేషన్ అధికారికి లేదని, విధివిధానాలు పాటించి, స్టాంపు సుంకం, రుసుము చెల్లిస్తే దస్తావేజును నమోదు చేయవలసిందేనని తీర్పు చెప్పింది.

అంటే హక్కును పరిశీలించే బాధ్యత ప్రభుత్వానిది కాదు, కొనేవారిదే. ఇంటి లావాదేవీల్లో న్యాయవాది అవసరం ఇక్కడే మొదలవుతుంది. ఆ సహాయం ఎప్పుడు తీసుకోవాలి, ఎవరి నుంచి తీసుకోవాలి అన్నవి రెండూ ముఖ్యమే.

రిజిస్ట్రేషన్ దేనికి రుజువు?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. విక్రయ ఒప్పందం దానంతట అదే ఆస్తిపై ఎలాంటి హక్కునూ కల్పించదని అదే సెక్షన్ చెబుతోంది. నోటరీ చేయించిన స్టాంపు కాగితం, తెల్లకాగితంపై రాసుకున్న సాదాబైనామా వంటివి ఇంటిని బదిలీ చేయలేవు.

రిజిస్టరైన దస్తావేజు మూడు విషయాలను తెలియజేస్తుంది: ఫలానా వ్యక్తి, ఫలానా తేదీన, ఫలానా ఆస్తిని రాసి ఇచ్చినట్లు అధికారి ఎదుట అంగీకరించారు. రాసి ఇచ్చిన వ్యక్తికి ఎంత హక్కు ఉందో అంతే కొన్నవారికి సంక్రమిస్తుంది. అమ్మకందారుకు సగం వాటా మాత్రమే ఉంటే, దస్తావేజులో ఇల్లంతా అని రాసినా కొన్నవారికి దక్కేది సగమే.

హక్కుకు ప్రభుత్వమే హామీ ఇచ్చే విధానం కొన్ని దేశాల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఆ దిశగా తెచ్చిన భూహక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చి, తీవ్ర వివాదాల నడుమ 2024లో రద్దయింది. కాబట్టి పత్రాల వరుసను చదివి, హక్కు ఎవరిదో అంచనా వేయడమే నేటికీ మార్గం.

లింకు దస్తావేజులు, ఈసీ

న్యాయవాది మొదట అడిగేవి లింకు దస్తావేజులు. ఆస్తి మొదటి యజమాని నుంచి ప్రస్తుత అమ్మకందారు వరకు చేతులు మారిన క్రమాన్ని చూపే పత్రాలివి. విక్రయ, దాన, భాగపరిష్కార దస్తావేజులు, వీలునామాలు, కోర్టు డిక్రీలు ఇందులోకి వస్తాయి. కనీసం 30 ఏళ్ల చరిత్రను పరిశీలించడం ఆనవాయితీ. ప్రైవేటు వ్యక్తులు తమ హక్కు ఆధారంగా స్వాధీనం కోరుతూ దావా వేయడానికి కాలపరిమితి 12 ఏళ్లు కాగా, ప్రభుత్వానికి 30 ఏళ్లు. ఆనవాయితీ వెనుక ఉన్న తర్కాల్లో ఇదొకటి.

రెండోది రుణభార ధ్రువపత్రం. వాడుకలో దీన్ని ఈసీ అంటారు. ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తనఖాలు, దానాలు ఇందులో కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువాటి కోసం సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించుకోవాలి.

ఈసీలో ఏమీ లేదంటే చిక్కులేమీ లేవని అర్థం కాదు. రిజిస్టరైనవి మాత్రమే అందులో ఉంటాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన కుటుంబ పంపకం, కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం, ఇంట్లో ఉన్న అద్దెదారు హక్కు వంటివి అందులో కనిపించకపోవచ్చు. దస్తావేజులను బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పు సైతం కొన్ని సందర్భాల్లో ఈసీకి ఎక్కదు. అందుకే న్యాయవాదులు సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలోనూ వెతుకుతారు. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు తమ తనఖాలను అక్కడ నమోదు చేస్తాయి. రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు.

వ్యాజ్యాల సంగతి మరింత కీలకం. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం దావా నడుస్తుండగా ఆస్తిని కొన్నవారు ఆ దావా ఫలితానికి కట్టుబడాలి. దావా సంగతి తమకు తెలియదన్న వాదన చెల్లదు. ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో అమ్మకందారు పేరుతో, అంతకు ముందు యజమానుల పేర్లతో వెతికితే పెండింగ్ కేసులు కొంతవరకు బయటపడతాయి. ఫలానా ఆస్తిని తమ క్లయింటు కొనదలచారని, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపాలని పత్రికలో ప్రకటన ఇవ్వడం మరో పద్ధతి. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు. అయినా కొనేవారు తగిన జాగ్రత్త తీసుకున్నారనడానికి అది ఆధారమవుతుంది.

కనిపించని వారసులు

ఇంటి వివాదాలకు తరచూ మూలమయ్యేది కుటుంబ వాటాల లెక్క. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక హిందూ కుటుంబ పెద్ద 1982లో స్వార్జితంతో ఇల్లు కొన్నారు. వీలునామా రాయకుండా 2003లో కన్నుమూశారు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. 2006లో కుమారులిద్దరే తల్లి సంతకంతో భాగపరిష్కారం చేసుకుని రిజిస్టరు చేయించారు. 2014లో ఒక కుమారుడు తన భాగాన్ని అమ్మారు. కొన్నవారు ఇప్పుడు దాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టారు.

ఈసీలో అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి మరణించిన రోజునే నలుగురికీ సమాన వాటాలు సంక్రమించాయి. కుమార్తెకు నాలుగో వంతు హక్కు ఉంది. ఆమె సంతకం లేని పంపకం ఆమెను కట్టడి చేయదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడిగి, అందులోని పేర్లను భాగపరిష్కార దస్తావేజులోని సంతకాలతో పోల్చి చూస్తేనే ఈ లోపం తెలుస్తుంది. ముందే తెలిస్తే ఆమెతో హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించవచ్చు, లేదా ఆ కొనుగోలును మానుకోవచ్చు. డబ్బంతా చెల్లించాక తెలిస్తే కోర్టుకు వెళ్లడం తప్ప దారి ఉండకపోవచ్చు.

పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే మరో లెక్క చూడాలి. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన సవరణతో కుమార్తెలకు పుట్టుకతోనే కుమారులతో సమానమైన హక్కు లభించింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండవలసిన అవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన దస్తావేజు ద్వారా గానీ, కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగిన పంపకాలకు ఈ సవరణ వర్తించదు.

మైనర్ల ఆస్తి విషయంలోనూ జాగ్రత్త అవసరం. హిందూ మైనరుకు చెందిన స్థిరాస్తిని సహజ సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, మేజరయ్యాక మూడేళ్లలోగా ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకునే హక్కు వారికి ఉంటుంది. పాత దస్తావేజుల్లో మైనరు తరఫున తల్లి లేదా తండ్రి సంతకం కనిపిస్తే, కోర్టు అనుమతి పత్రాన్ని అడిగి చూడాలి.

ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు

ఉద్యోగరీత్యా బెంగళూరు, చెన్నై, ముంబయి, పుణె నగరాల్లో స్థిరపడి ఇళ్లు కొంటున్న తెలుగువారికి పత్రాల పేర్లే మొదటి అడ్డంకి. బెంగళూరులో ‘ఖాతా’ గురించి, అందులో ఏ-ఖాతా, బీ-ఖాతా తేడాల గురించి చెబుతారు. చెన్నైలో ‘పట్టా’, ‘విల్లంగ సర్టిఫికెట్’ అడగాలి. విల్లంగ సర్టిఫికెట్ అంటే మన ఈసీయే. మహారాష్ట్రలో ‘ఇండెక్స్-2’, ‘ప్రాపర్టీ కార్డు’, భూమికి సంబంధించిన ‘సాత్‌బారా’ పత్రాలు చూడాలి. హౌసింగ్ సొసైటీలోని ఫ్లాటైతే వాటా ధ్రువపత్రమూ కావాలి.

ఎక్కడైనా వర్తించే సూత్రం ఒకటుంది. ఖాతా, ఆస్తిపన్ను రసీదు, మ్యూటేషన్, కరెంటు బిల్లు ఇవన్నీ పన్ను వసూలు కోసం, రికార్డుల కోసం ఉద్దేశించినవి. వీటిలో పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్య హక్కు రుజువు కాదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. లావాదేవీ జరిగే రాష్ట్రంలో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని ఎంచుకోవడం మేలని చెప్పడానికి కారణమూ ఇదే. స్థానిక చట్టాలు, స్థానిక భాషలోని పాత రికార్డులు ఆయనకు తెలుస్తాయి.

తెలుగు రాష్ట్రాల్లో అదనంగా చూడవలసినది 22-ఏ నిషేధిత జాబితా. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల సర్వే నంబర్లు ఇందులో ఉంటాయి. ఇల్లు ఉన్న స్థలం సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. అపార్ట్‌మెంట్ల విషయంలో మరో పరిశీలన అవసరం. నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మించే విస్తీర్ణంలో పది శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టించుకోవడం ఇక్కడి పద్ధతి. నివాసయోగ్యతా ధ్రువపత్రం వచ్చాకే దాన్ని విడిపిస్తారు. కొనబోయే ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో ముందే తెలుసుకోవాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఇల్లు నచ్చగానే మరొకరు ఎగరేసుకుపోతారేమోనన్న తొందరలో అడ్వాన్స్ ఇచ్చేసి, పత్రాల పరిశీలన తర్వాత చేయించుకోవడం చాలామందికి అలవాటు. ఈ వరుసను తిరగవేయాలి. డబ్బు చేతులు మారాక లోపం బయటపడితే అమ్మకందారు గడువు మీరిందంటారు, కొనుగోలుదారు పత్రాలు సరిగా లేవంటారు. అడ్వాన్స్ ఎవరికి చెందాలన్న దానిపైనే తగాదా మొదలవుతుంది.

తప్పనిసరిగా ముందే కొంత ఇవ్వవలసి వస్తే, ఆ మొత్తం స్వల్పంగా ఉండాలి. హక్కుల పరిశీలనలో లోపం తేలితే నిర్ణీత రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న షరతును రాతపూర్వకంగా పెట్టుకోవాలి.

విక్రయ ఒప్పందంలో ఉండవలసినవి ఇవి: ఆస్తి హద్దులు, విస్తీర్ణం, ఫ్లాటైతే కార్పెట్ ఏరియా, భూమిలో అవిభాజ్య వాటా, మొత్తం ధర, చెల్లింపుల తేదీలు, అమ్మకందారు అందజేయవలసిన పత్రాల జాబితా, పాత అప్పు తీర్చే విధానం, రిజిస్ట్రేషన్ గడువు, బ్యాంకు రుణం మంజూరు కాకపోతే ఏం చేయాలి, ఎవరు మాట తప్పినా దాని పర్యవసానం, స్వాధీనం అప్పగించే రోజు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో తెచ్చిన సవరణతో స్థిరాస్తి విక్రయ ఒప్పందాలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. దేశవ్యాప్తంగా చూస్తే, ఒప్పందం ఆధారంగా స్వాధీనం తీసుకున్నవారికి చట్టపరమైన రక్షణ కావాలంటే 2001 సెప్టెంబరు తర్వాత రాసుకున్న ఒప్పందం రిజిస్టరై ఉండాలి. అమ్మకందారు మాట తప్పితే ఒప్పందాన్ని అమలు చేయించాలని కోర్టును కోరవచ్చు. ఇందుకు గడువు మూడేళ్లు. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మకందారు నిరాకరించినట్లు తెలిసినప్పటి నుంచి లెక్కిస్తారు. అయితే కొనుగోలుదారు తాను మొదటి నుంచీ డబ్బు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నట్లు నిరూపించుకోవాలి. అందుకే నోటీసులు, బ్యాంకు ఖాతా వివరాలు, రుణ మంజూరు పత్రం భద్రపరచుకోవాలి.

విక్రయ దస్తావేజుపై సంతకాలయ్యాక నాలుగు నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. తగిన కారణం ఉంటే అపరాధ రుసుముతో మరో నాలుగు నెలల వరకు అనుమతించవచ్చు.

కొత్త ఫ్లాటు కొనేవారికి రెరా

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం అదనపు రక్షణ ఇస్తోంది. వాడుకలో దీన్నే రెరా అంటున్నారు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ చేపట్టే ప్రాజెక్టును రాష్ట్ర రెరా సంస్థ వద్ద నమోదు చేసుకోకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, అమ్మకూడదు.

రిజిస్టరైన విక్రయ ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి వసూలు చేయడానికి 13వ సెక్షన్ అనుమతించదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చుల కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. స్వాధీనం ఇచ్చిన తర్వాత ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడి, కొనుగోలుదారు తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చెప్పిన గడువుకు ఇల్లు అప్పగించకపోతే వడ్డీతో సహా డబ్బు వాపసు కోరే హక్కు 18వ సెక్షన్ కింద ఉంది. ఈ హక్కు షరతులు లేనిదని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

రెరా నమోదు సంఖ్య ఉన్నంత మాత్రాన ఆ స్థలంపై హక్కుకు రెరా హామీ ఇచ్చినట్లు కాదు. బిల్డరుకు, స్థల యజమానికి మధ్య ఉన్న అభివృద్ధి ఒప్పందాన్ని, అందులో ఏ ఫ్లాట్లు ఎవరి వాటాకు వచ్చాయన్న విషయాన్ని న్యాయవాదితో చదివించుకోవాలి.

జీపీఏ అమ్మకాలు, విదేశాల్లోని యజమానులు

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, విక్రయ ఒప్పందం, వీలునామా ఈ మూడింటిని కలిపి రాయించుకుని ఇల్లు కొన్నామనుకునే పద్ధతి చాలా నగరాల్లో ఉండేది. ఇలాంటి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న తేల్చిచెప్పింది. అయితే తన తరఫున అమ్మకం జరపడానికి కుటుంబ సభ్యులకో, స్నేహితులకో నిజాయితీగా ఇచ్చే అధికార పత్రాలకు ఈ తీర్పు అడ్డురాదని కూడా చెప్పింది.

అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉన్న తెలుగువారి ఇళ్ల అమ్మకాలు ఎక్కువగా ఈ మార్గంలోనే సాగుతాయి. విదేశాల్లో ఉన్నవారు భారత రాయబార, కాన్సులర్ అధికారి ఎదుట గానీ, అక్కడి నోటరీ ఎదుట గానీ అధికార పత్రంపై సంతకం చేయవచ్చు. అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. సాధారణంగా యజమాని మరణంతో ఆ అధికారం రద్దవుతుంది. అందుకే రిజిస్ట్రేషన్ రోజుకు యజమాని జీవించి ఉన్నారని, అధికారాన్ని ఉపసంహరించుకోలేదని కొనేవారు నేరుగా నిర్ధారించుకోవాలి. అధికార పత్రంలో అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం స్పష్టంగా ఉన్నాయో లేదో చూడాలి.

డబ్బు, పన్ను

ఇంటి ధర గానీ, స్టాంపు సుంకం లెక్కించే విలువ గానీ 50 లక్షల రూపాయలు, అంతకు మించితే కొనుగోలుదారు ఒక శాతం పన్నును మినహాయించి, అమ్మకందారు పాన్ ఖాతాకు జమ చేయాలి. ఇది దేశంలో నివసించే అమ్మకందారులకు వర్తించే నియమం. అమ్మేవారు ప్రవాసి అయితే లెక్క మారుతుంది. మినహాయింపు చాలా ఎక్కువగా ఉంటుంది, 50 లక్షల పరిమితి వర్తించదు. ఈ తేడా తెలియక ఒక శాతమే కోత వేస్తే మిగతా పన్ను బాధ్యత కొనుగోలుదారుపై పడుతుంది. అమ్మకందారు ఆదాయపన్ను అధికారి నుంచి తక్కువ మినహాయింపు ధ్రువపత్రం తెచ్చుకుంటే కోత తగ్గుతుంది.

స్థిరాస్తి లావాదేవీలో 20 వేల రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం నిషిద్ధం. తీసుకున్నవారిపై అంతే మొత్తం జరిమానా పడవచ్చు. కొంత బ్యాంకు ద్వారా, మిగిలింది చేతికి అన్న ఏర్పాటులో కొనేవారికీ ప్రమాదం ఉంది. దస్తావేజులో చూపని సొమ్మును వివాదం వచ్చినప్పుడు రుజువు చేయడం దాదాపు అసాధ్యం.

అమ్మేవారికీ న్యాయవాది అవసరమే

ఇంట్లో గానీ, హక్కులో గానీ తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మకందారు వెల్లడించి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. దాచిపెట్టడం మోసం కిందికి రావచ్చు. అమ్మకం తేదీ వరకు ఉన్న పన్నుల బకాయిలు, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మకందారే చెల్లించాలి.

చెల్లింపు విషయంలో ఒక తీర్పును అమ్మేవారంతా గుర్తుంచుకోవాలి. దహిబెన్ కేసులో 2020 జులై 9న సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, రిజిస్టరైన దస్తావేజులో పేర్కొన్న ధరలో కొంత చేతికి రాలేదన్న కారణంతో అమ్మకాన్ని రద్దు చేయలేరు. బకాయి వసూలు కోసం దావా వేసుకోవడమే మిగిలిన మార్గం. కాబట్టి ముందు తేదీ వేసిన చెక్కులను నమ్మి ‘పైకం పూర్తిగా ముట్టినది’ అని రాయడం తగదు. బ్యాంకు ఖాతాలో జమైన తర్వాతే, లేదా డిమాండ్ డ్రాఫ్టు అందుకుంటూనే సంతకం చేయాలి.

ఇంటిపై రుణం ఉంటే అసలు దస్తావేజులు బ్యాంకులోనే ఉంటాయి. అప్పు పూర్తిగా తీర్చిన 30 రోజుల్లోగా వాటిని తిరిగి ఇవ్వాలని, తమ వల్ల జాప్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది.

ఏ న్యాయవాది, ఎవరి న్యాయవాది?

బ్యాంకు రుణం మంజూరు చేసిందంటే పత్రాలన్నీ బాగున్నట్లేనని చాలామంది భావిస్తారు. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది అభిప్రాయం ఇచ్చేది బ్యాంకుకు. రుణం తిరిగి వసూలు చేసుకోవడానికి ఆ ఆస్తి తగిన హామీ అవుతుందా అన్నదే అక్కడి ప్రశ్న. కొనుగోలుదారు సొంతంగా పెట్టే సొమ్ముకు ఏమవుతుందన్నది ఆయన పరిధిలోకి రాదు. దస్తావేజు లేఖరి పని పత్రాన్ని నిర్ణీత రూపంలో రాయడం. మధ్యవర్తికి కమీషను వచ్చేది లావాదేవీ పూర్తయితేనే. వీరెవరూ కొనేవారి తరఫున హక్కును పరిశీలించే బాధ్యత తీసుకోరు. అమ్మకందారు సూచించిన న్యాయవాదినే కొనేవారూ పెట్టుకుంటే, వివాదం వచ్చినప్పుడు ఇద్దరికీ ఇబ్బందే.

న్యాయవాది రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదయ్యారో లేదో చూసుకోవాలి. సివిల్, ఆస్తి వ్యవహారాల్లో అనుభవం గురించి అడగాలి. ఫీజును, పని పరిధిని ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఏ పత్రాలు చూశారు, ఎన్నేళ్ల ఈసీ తీశారు, ఏ లోపాలు కనిపించాయి, వాటిని ఎలా సరిచేయాలి అన్న నాలుగు అంశాలతో రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. ‘అంతా బాగానే ఉంది’ అన్న నోటిమాట చాలదు.

దీనికి మరో కారణం ఉంది. న్యాయవాదుల వృత్తిపరమైన సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిర్లక్ష్యం జరిగిందని భావించేవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. దుష్ప్రవర్తనపై బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడం, నష్టపరిహారానికి సివిల్ కోర్టును ఆశ్రయించడం మాత్రమే మార్గాలు. ఈ రెండు చోట్లా రాతపూర్వక అభిప్రాయమే ముఖ్యమైన ఆధారం.

స్థోమత లేనివారికి

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు తదితరులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు రాష్ట్రాలు నిర్ణయించిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ, జాతీయ హెల్ప్‌లైన్ 15100ను గానీ సంప్రదించవచ్చు. వాటాల విషయంలో అన్యాయం జరిగిందని భావించే కుమార్తెలకు, ఒంటరి మహిళలకు ఇది ముఖ్యమైన అండ.

కోర్టులో ఉన్న తగాదాలను, కోర్టు దాకా వెళ్లని తగాదాలను లోక్ అదాలత్‌లో రాజీతో ముగించుకునే వీలుంది. అక్కడి అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు కాబట్టి రాజీ షరతులను పూర్తిగా అర్థం చేసుకున్నాకే సంతకం చేయాలి.

పాటించవలసిన వరుస

మొదట సొంత న్యాయవాదిని ఎంచుకోవాలి. అమ్మకందారు నుంచి పత్రాల నకళ్లు తీసుకుని, లింకు దస్తావేజులు, ఈసీ, వారసుల వివరాలు, కోర్టు కేసులు, నిర్మాణ అనుమతులు పరిశీలింపజేయాలి. రాతపూర్వక అభిప్రాయం చేతికి వచ్చాకే ఒప్పందం రాసుకుని అడ్వాన్స్ ఇవ్వాలి. రిజిస్ట్రేషన్‌కు ముందురోజు మరోసారి తాజా ఈసీ తీయించి, మధ్యలో కొత్త లావాదేవీ ఏదీ నమోదు కాలేదని నిర్ధారించుకోవాలి. అసలు దస్తావేజులను సరిచూసుకుని, చెల్లింపు వివరాలను విక్రయ దస్తావేజులో నమోదు చేయించి సంతకాలు చేయాలి. ఆ తర్వాత మ్యూటేషన్, ఆస్తిపన్ను, కరెంటు, నీటి కనెక్షన్లలో పేరు మార్పించుకోవాలి.

ఈ పరిశీలనకు సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. అంత వ్యవధి ఇవ్వడానికి అమ్మకందారు అంగీకరించకపోయినా, పత్రాల నకళ్లు చూపడానికి వెనుకాడినా, ఆ ఇంటికి అడ్వాన్స్ ఇవ్వకపోవడమే క్షేమం.